మరక సరే, ఇంట్లో ఏమేం చేశారు? అపోహలు - వాస్తవాలు

మరక పడిన బట్ట కౌంటర్ మీద పెట్టగానే నేను మొదట అడిగేది "ఏం మరకండీ?" అని కాదు, "ఇంట్లో ఏమేం చేశారు?" అని. మొన్న ఒకాయన తెల్ల లాల్చీ తెచ్చారు. పెళ్ళి భోజనంలో ఆవకాయ నూనె పడిందట. పడగానే తడి చేత్తో గట్టిగా రుద్దారు. ఇంటికెళ్ళి సబ్బు పెడితే ఎర్రబడింది. కంగారుపడి బ్లీచ్ పోశారు. తర్వాత వేడినీళ్ళు, ఆపైన ఇస్త్రీ. "ఇంకా కొంచెం పసుపు ఉందండీ" అన్నారు. చూస్తే అరచేయంత మచ్చ. ఆవకాయ చుక్క పడినప్పుడు రూపాయి బిళ్ళంత కూడా ఉండి ఉండదు.

మా తాత గోదావరి రేవులో ఉతికాడు. నాన్న ఇస్త్రీ బండి నడిపారు. నాది రాజమండ్రిలో లాండ్రీ, డ్రై క్లీనింగ్ షాపు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదేమిటంటే, మా దగ్గరికొచ్చే మొండి మరకల్లో చాలావాటిని మొండిగా చేసింది ఇంట్లో చేసిన వైద్యమే. ఆ వైద్యాల గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: వేడినీళ్ళు పోస్తే ఏ మరకైనా వదులుతుంది.

వాస్తవం: కోడిగుడ్డు వేడి పెనం మీద పడితే ఏమవుతుంది? రక్తం, పాలు, గుడ్డు మరకలు కూడా వేడినీళ్ళు తగిలితే అలాగే గడ్డకట్టి నూలు పోగుల్లో కూర్చుంటాయి. వీటికి చన్నీళ్ళే. అదీ మరక మీద కాదు, బట్ట తిరగేసి వెనకనుంచి కుళాయి ధార పట్టాలి. వచ్చిన దారినే బయటికి పోతుంది. తెల్ల నూలు బట్ట మీద రక్తం ఇంకా మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మందుల షాపులో 6 శాతంది దొరుకుతుంది, సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. చుక్క వేయగానే బుసబుసా నురగొస్తుంది, భయపడక్కర్లేదు, రక్తంలో ఉండే ఎంజైమే ఆ నురగ తెప్పిస్తుంది.

ఎంజైములంటే గుర్తొచ్చింది. ఇప్పుడు చాలా డిటర్జెంట్లలో ఇవి ఉంటున్నాయి. కొత్తవేం కాదు, 1913లోనే ఓటో రోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త వీటిని బట్టలుతకడానికి వాడొచ్చని పేటెంట్ తీసుకున్నాడు. సలసల కాగే నీళ్ళలో ఇవి చచ్చిపోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నాననిస్తేనే పనిచేస్తాయి. మాంసకృత్తుల్ని కొరికే ఎంజైము ఉన్న పొడిని పట్టుకీ ఉన్నికీ మాత్రం వాడకండి. ఆ రెండూ మాంసకృత్తులే కాబట్టి మరకతోపాటు బట్టనీ కొరుకుతుంది.

అపోహ: పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడిందంటే బట్ట పాడైపోయినట్టే.

వాస్తవం: పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. సబ్బుకీ సున్నానికీ ఈ విషయంలో తేడా లేదు, రెండూ క్షారాలే. పసుపులోని కర్క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బాగా జాడిస్తే మళ్ళీ పసుపుగా మారుతుంది. కొత్త మరకేం పుట్టలేదు, పాతదే రంగు మార్చింది. కంగారులో బ్లీచ్ డబ్బా అందుకోవడమే అసలు ప్రమాదం.

పసుపుకి అసలు శత్రువు ఎండ. జాడించిన బట్టని తడిమీదే మరక సూర్యుడి వైపు ఉండేలా ఆరేయండి. మా డాబా మీద వేసవిలో ఒక్క పూటకే చాలావరకు పోతుంది, వర్షాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. రంగు బట్టయితే ఎండకి దాని రంగు కూడా పోవచ్చు, మరకున్న చోటు మాత్రమే బయట పెట్టి మిగతాది మడిచేయండి.

ఆవకాయ సంగతి వేరు. అందులో నూనె, పసుపు, కారం, మూడూ ఉన్నాయి. నూనె ఉన్నంతసేపూ దాంట్లో కరిగిన రంగులు కదలవు. అందుకే ముందు నూనె పని పట్టాలి, నీళ్ళు తగలకుండా. ముద్దని స్పూనుతో గీకి తీసేయండి. మరక మీద టాల్కం పౌడర్ పోసి పావుగంట వదిలేస్తే పౌడర్ నూనె పీల్చి ముద్దకడుతుంది. దులిపేసి, పొడి బట్ట మీదే అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, వేలితో అంచు నుంచి మధ్యకి మెల్లగా రాయండి. మధ్య నుంచి అంచుకి రాస్తే మరక పెద్దదవుతుంది. పది నిమిషాలయ్యాక గోరువెచ్చటి నీళ్ళతో జాడించి, వెలుతురుకి ఎత్తి చూడండి. నూనె ఉన్నచోట బట్ట జిడ్డు కాగితంలా కనిపిస్తుంది. కనిపిస్తే మళ్ళీ లిక్విడ్ వేయాలి. పోయాకే ఉతకడం, ఆ తర్వాత ఎండ.

ఆ లాల్చీకి ఇదంతా చేసే అవకాశం లేకపోయింది. గుడ్డలో పట్టు కలిసి ఉంది. పసుపు ఎప్పుడో పోయింది. ఆయనకి కనిపిస్తున్న పసుపు రంగు బ్లీచ్ పోసినందువల్ల పట్టుకి వచ్చింది. అది మరక కాదు, బట్టే మారిపోయింది. దానికి మా దగ్గర మందు లేదు.

అపోహ: తెల్లబట్టయితే బ్లీచ్ నిక్షేపంగా వాడొచ్చు.

వాస్తవం: తెల్ల నూలుకి, తగుమాత్రంగా, నీళ్ళలో కలిపి వాడితే సరే. పట్టుకీ ఉన్నికీ ఎప్పుడూ వద్దు. చంకల్లో చెమట మరకలకీ వద్దు. అక్కడుండేది ఒంటి జిడ్డు, డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు. బ్లీచ్‌తో ఆ పచ్చదనం ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. చొక్కా లోపలి లేబుల్ మీద త్రిభుజం గుర్తుంటుంది, దాన్ని కొట్టేసి ఉంటే బ్లీచ్ వద్దని అర్థం. ఇంకొక్క మాట, ఇది మరకల గురించి కాదు, ప్రాణాల గురించి. బ్లీచ్‌లో బాత్రూం కడిగే యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. "రెండూ కలిపితే పవర్‌ఫుల్ అండీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు టెన్షనే.

అపోహ: వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే మరక పొంగి బయటికొస్తుంది.

వాస్తవం: పొంగేది గ్యాసు. ఒకదాన్నొకటి చంపేసుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిది. విడివిడిగా రెండిటికీ పని ఉంది. కలిపితే వీడియోకి మాత్రం బాగుంటుంది.

అపోహ: టీ మరకకి వెంటనే బట్టల సబ్బు రుద్దాలి.

వాస్తవం: టీలో ఉండేది టానిన్, కరక్కాయలో ఉన్నలాంటిదే. పెడనలో కలంకారీ చేసేవాళ్ళు బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. తర్వాత ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో అద్దకం వేస్తారు. ఆ రెండూ కలిసినచోట చక్కటి నలుపు వస్తుంది, ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. టీ పడిన చొక్కాని తుప్పు పట్టిన బకెట్‌లో నానబెడితే మీరు చేసేదీ అదే అద్దకం. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళతోనూ అంతే. సబ్బు బిళ్ళలోని క్షారంతో టీ రంగు ముదురుతుంది కూడా.

టీ పడగానే పొడి గుడ్డతో అద్ది, ప్లాస్టిక్ బకెట్‌లో చన్నీళ్ళతో జాడించండి. మన టీలో పాలుంటాయి కాబట్టి మొదట్లోనే వేడినీళ్ళు వద్దు. తర్వాత ఒక చెంచా వెనిగర్ కలిపిన కప్పు నీళ్ళు అద్ది, పది నిమిషాలాగి, మామూలుగా ఉతకండి.

అపోహ: పెన్ను మరకకి పాలు పోయాలి. లేదా టూత్‌పేస్ట్ రాయాలి.

వాస్తవం: పాలు పోస్తే ఇంకు మరక పక్కన పాల మరక చేరుతుంది. బాల్‌పెన్ ఇంకు స్పిరిట్‌లో కరుగుతుంది, ఇంట్లో మిగిలిపోయిన రంగులేని శానిటైజర్ చాలు. కింద పాత తెల్లగుడ్డ నాలుగు మడతలు పరిచి, మరకని బోర్లా దాని మీద పెట్టి, వెనకనుంచి దూదితో అద్దండి. ఇంకు కింది గుడ్డలోకి దిగుతుంది. అద్దిన ప్రతిసారీ గుడ్డని కొంచెం జరపాలి, లేకపోతే దిగిన ఇంకే పైకెక్కుతుంది. జెల్‌పెన్‌కి మాత్రం ఇది సరిగ్గా పనిచేయదు, చాలా జెల్ ఇంకుల్లో కరగని రంగు పొడి ఉంటుంది. స్కూలు చొక్కాలు కొనే నెలలో పిల్లలకి బాల్‌పెన్నులే కొనమని చెప్తుంటాను, సగం సరదాకి, సగం నిజంగానే.

అపోహ: కొత్త చీరని ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: అద్దకం తొట్టిలో ఉప్పు వేస్తారు, అది నిజం. నీళ్ళలోని రంగుని నూలు వైపు నెట్టడానికి వేస్తారు. అద్దకం అయిపోయి బీరువాలోకి చేరిన చీరకి ఉప్పు చేసేదేమీ లేదు. దిగే రంగు దిగుతుంది. మొదటి నాలుగైదు సార్లు విడిగా, చన్నీళ్ళలో, నానబెట్టకుండా ఉతకండి.

అపోహ: ఎలాగూ డ్రై క్లీనింగ్‌కి ఇస్తాం కదా, ఏ మరకైనా వాళ్ళే చూసుకుంటారు.

వాస్తవం: డ్రై క్లీనింగ్ అంటే బట్టని నీళ్ళకి బదులు పెట్రోలు జాతి ద్రావకంలోనో, పెర్క్ (పర్‌క్లోరోఎథిలీన్) అనే ద్రావకంలోనో ఉతకడం. నూనె, గ్రీజు, లిప్‌స్టిక్ బాగా పోతాయి. చెమట, పంచదార, ఉప్పు దానిలో కరగవు. వీటికి మేం ముందే చేత్తో వేరే పని చేయాలి, చేయాలంటే అక్కడ మరకుందని మాకు తెలియాలి. మమ్మల్ని ఎక్కువ మాటలు పడేట్టు చేసేది కూల్‌డ్రింకే. రంగులేని డ్రింకు సూటు మీద ఒలికి ఆరిపోతే ఏమీ కనిపించదు. ఇస్త్రీ పెట్టె తగిలాక లోపలి పంచదార మాడి గోధుమ రంగు మచ్చ తేలుతుంది. "మీరే మరక చేశారు" అని గొడవ. ఏం ఒలికిందో, ఎక్కడో చెప్పి ఇవ్వండి, సిగ్గుపడక్కర్లేదు. చిన్న కాగితం మీద రాసి పిన్ను పెట్టిచ్చే ఒక మేడమ్ ఉన్నారు, ఆవిడ బట్టలు ఇంతవరకు ఫిర్యాదుతో వెనక్కి రాలేదు.

పట్టుచీర గురించి ఒక్కటే: రుద్దకండి. తడిపట్టుని రుద్దితే పోగు చిట్లి తెల్లటి గీర వస్తుంది. మరకని తీయగలం, గీరని తీయలేం. కుంకుమ పడితే నీళ్ళు తగలనీయకుండా దులపండి. జరీ మీద నిమ్మకాయ, వెనిగర్ వద్దు, నల్లబడే ప్రమాదముంది.

నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో పెడితే తుప్పు మరక పోతుందనేది మాత్రం అపోహ కాదు. తెల్ల నూలు మీద పోతుంది. నిమ్మలోని ఆమ్లం తుప్పుని కరిగిస్తుంది. తుప్పుకి బ్లీచ్ పోస్తే ఇంకా గట్టిపడుతుంది.

అపోహ: సరైన మందు దొరకాలే గానీ, పోని మరకంటూ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. రేవులో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి మా తాత వాళ్ళు నల్లజీడి గింజ రసంతో అంచు మీద గుర్తు పెట్టేవాళ్ళు, దానికి సున్నం తగిలిస్తే నలుపు ఖాయం. చౌడు నీళ్ళలో ముంచి ఉబ్బకి, అంటే ఆవిరికి, పెట్టినా, బండ మీద ఎన్నేళ్ళు బాదినా ఆ గుర్తు చెక్కుచెదిరేది కాదు. పోని మరకతోనే వాళ్ళ వ్యాపారం నడిచింది.

అరటి జిగురు అంత కాకపోయినా దానికి తమ్ముడు. పడినప్పుడు నీళ్ళలా ఉంటుంది, గాలి తగిలి ఆరేకొద్దీ గోధుమ రంగుకి, నలుపుకి తిరుగుతుంది. పచ్చిగా ఉండగానే కడిగితే కొంత నయం. రావులపాలెం అరటి మార్కెట్ నుంచి చొక్కాలు వస్తుంటాయి మాకు. ఎండిన మరకతో వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తాను, నా దగ్గర డబ్బులు తగలేయకండి, ఆ చొక్కా తోటకి వెళ్ళేటప్పుడు వేసుకోండి అని.