గంట మోగాక ఏం వినిపిస్తుంది?

మా అక్క కూతురికి నాలుగేళ్లు. సాయంత్రం ఆరు దాటిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. "చప్పుడు చేయకు!" అని మేం ఎంత గట్టిగా అంటే అది అంతకంటే గట్టిగా అరుస్తుంది. ఆ మాట అనే పెద్దవాళ్ల గొంతే ఇంట్లో అన్నిటికంటే పెద్ద చప్పుడు కాబట్టి, దాని తప్పేమీ లేదనుకోండి.

మొన్నొక సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. ఫ్రిజ్ గుర్రుమనడం ఆగింది. సోఫా మీద ఎగురుతున్న పిల్ల ఉన్నచోటే నిలబడిపోయింది. "మామయ్యా, ఏదో టిక్కు టిక్కుమంటోంది," అంది గుసగుసగా. గోడ గడియారం! పుట్టినప్పటి నుంచీ దాని నెత్తిన వేలాడుతున్నదే. ఆ అర నిమిషం పాటు పిల్లను ఎవరూ కూర్చోమనలేదు, నోరు మూసుకోమనలేదు.

కుక్కల మీద ప్రయోగాలకు పేరుపడ్డ రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ఇలాంటిదే గమనించాడు. చక్కగా శిక్షణ ఇచ్చిన కుక్క కూడా గదిలోకి కొత్త మనిషి వచ్చినా, కొత్త చప్పుడు వినిపించినా నేర్చుకున్నదంతా పక్కన పెట్టి అటు తిరిగేది. దీనికి ఆయన 'ఏమిటిది?' ప్రతిచర్య అని పేరు పెట్టాడు. మనలోనూ అంతే. మెల్లని కొత్త శబ్దం చెవిన పడితే కదలిక ఆగుతుంది, తల అటు తిరుగుతుంది, గుండె కొట్టుకునే వేగం కాసేపు తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి బ్రేకు మీద కాలు వేసినట్టు పనిచేస్తుంది. అదే కుక్కర్ విజిల్ చెవి పక్కనే వేసిందనుకోండి, కథ తిరగబడుతుంది. ఏమైందో తెలిసేలోపే కళ్లు మూసుకుంటాయి, భుజాలు బిగుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. చెవి అదే, శబ్దం వచ్చిన తీరును బట్టి ఒళ్లు రెండు దారుల్లో వెళ్తుంది.

అందుకే నాలుగేళ్ల పిల్లకు "కదలకు, మాట్లాడకు" అని చెప్పడం దాదాపు దండగ. చేస్తున్న పనిని మధ్యలో ఆపుకునే శక్తి మెదడు ముందు భాగానిది. ఆ భాగం ఎదగడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. 'చేయకు' అంటే పిల్లకు చేయడానికి ఏమీ లేదు. 'విను' అంటే పని దొరికింది. చెవులు రిక్కించి వినాలంటే తన గౌను గరగర, కాళ్ల చప్పుడు తనకే అడ్డం. అవి ఆపాలని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ సంగతిని బడిలోకి తెచ్చింది ఇటలీ డాక్టరు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె పిల్లల బడి తెరిచారు. ఒకరోజు నాలుగు నెలల పసిపాపను ఎత్తుకుని తరగతిలోకి వెళ్లి, "చూడండి, ఎంత నిశ్శబ్దంగా ఉందో! మీలో ఎవరూ ఇలా ఉండలేరు," అన్నారు సరదాగా. పిల్లలు పంతం పట్టారు. కాళ్లు కదపడం మానేశారు, ఊపిరి కూడా మెల్లగా తీశారు. గడియారం చప్పుడు వినిపించింది. తర్వాత ఇది ఆటైంది. ఆమె పక్క గదిలోకి వెళ్లి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలిచేవారు. పిలుపు విన్న పిల్ల మునివేళ్ల మీద నడిచి రావాలి. మొదట్లో మిఠాయిల ఆశ చూపించారు, త్వరలోనే వాటి అవసరం లేకపోయింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పిలుపు మీద ఆమె మద్రాసు అడయారు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపారు. మన వీధుల్లో కనిపించే మాంటిస్సోరి బడుల బోర్డుల వెనక ఈ ఆట కూడా ఉందని గుర్తు చేయడానికే ఇదంతా చెప్పాను.

ఇంట్లో ఆడించడానికి పూజగదిలోని గంట చాలు. లోపలి నాలుక తగలకుండా పట్టుకుని, బయట నుంచి చెంచాతో ఒక్కసారి కొట్టండి. "చప్పుడు పూర్తిగా ఆగిపోయిందనిపించినప్పుడు చెయ్యెత్తు," అని పిల్లకు చెప్పండి. మీరూ వినండి. ముందు 'ఠంగ్' అనే పదును పోతుంది, ఎందుకంటే సన్నని స్వరాలు త్వరగా ఆరిపోతాయి. కింద బొంగురు స్వరం మిగిలి ఊంగ్, ఊంగ్ అని పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. గంట అంచు ఎంత బాగా పోతపోసినా నూటికి నూరు పాళ్లు గుండ్రంగా ఉండదు. దాంతో కొద్దిపాటి తేడా ఉన్న రెండు కంపనాలు పుట్టి, ఒకసారి కలుస్తూ ఒకసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటూ పోతాయి. ఆ ఊపు అదే. ఇక శబ్దం ఆగేది ఎప్పుడు? క్షణక్షణానికీ ఉన్నదాంట్లో కొంత వంతు కరుగుతుంది, మిగిలినదాంట్లో మళ్లీ అంతే వంతు. ఫలానా చోట అయిపోయిందని గీత గీయలేం. ఆ గీత కోసమే పిల్ల చెవి వెతుకుతూ ఉంటుంది. చేత్తో గట్టిగా పట్టుకున్న స్టీలు గ్లాసుతో ఈ పని కాదు, టక్కుమని ఊరుకుంటుంది.

గంట ఆగాక వచ్చే నిశ్శబ్దానికీ బలముంది. ఇటలీలో లూసియానో బెర్నార్డి అనే పరిశోధకుడి బృందం 24 మంది పెద్దవాళ్లకు రకరకాల సంగీతం వినిపించి, మధ్యలో 2 నిమిషాలు ఏమీ వినిపించకుండా వదిలేసింది. ఆ 2 నిమిషాల్లో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలుపెట్టకముందు ఉన్నదానికంటే కూడా తగ్గాయి. 2006లో వచ్చిన ఈ ఫలితం పెద్దవాళ్లది, పిల్లలకు అచ్చంగా అలాగే జరుగుతుందని దీన్ని బట్టి చెప్పేయకూడదు.

ఇలాంటివాటిని సిలబస్‌లో పెట్టేస్తే సరిపోతుందనే ఉత్సాహం మీద నాకు నమ్మకం తక్కువ. బ్రిటన్‌లో 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ధ్యాన పాఠాలు చెప్పిన బడుల్లో పిల్లల మానసిక ఆరోగ్యం మామూలు పాఠాల బడులకంటే మెరుగుపడలేదు. మార్కులు, పీరియడ్లు తగిలిస్తే గంట కూడా హోంవర్కే అవుతుంది. అల్లరికి శిక్షగా వాడితే ఇంకా ఘోరం. రోజుకి ఒకసారి, పడుకోబోయే ముందు ఆడుకోవడం, పిల్ల వద్దంటే మానేయడం, అదే దీనికి తగిన స్థాయి. ఒకవేళ గుసగుసలు అస్తమానం వినిపించడం లేదంటే మాత్రం అది ఆట సంగతి కాదు, చెవి డాక్టరుకు చూపించండి. జలుబు చేసినప్పుడు చెవిలో నీరు చేరి వినికిడి మందగించడం ఈ వయసులో మామూలే.

నిన్న రాత్రి గంట కొట్టాను. చెయ్యెత్తింది. నేను అంతకు ముందే ఎత్తేశాను. "ఇంకా ఏం వినిపిస్తోంది?" అని అడిగితే, ఫ్యాను, కింద వీధిలో కుక్క, అమ్మమ్మ గురక అని వేళ్లు మడిచింది. తర్వాత గోడ వైపు చూపించి, "అది కీచుమంటోంది," అంది. నా ఫోన్ చార్జర్. దగ్గరికెళ్లి చెవి ఆనించాను, ఏమీ లేదు. సన్నని శబ్దాలు పట్టే కణాలు లోపలి చెవి మొదట్లోనే ఉంటాయి, వయసుతో ముందు పోయేవి అవే, పోతే మళ్లీ మొలవవు. సెకనుకు ఇరవై వేల కంపనాల (హెర్ట్జ్) దాకా పిల్లలు వింటారు, నా వయసు వాళ్లకు అందులో పైమెట్లు ఎప్పుడో ఊడిపోయాయి.

స్విచ్ ఆపాను.

"ఇప్పుడు ఆగింది," అంది కళ్లు మూసుకునే.