ఎండుటాకులకు లక్షల రూపాయల మిషన్ ఎందుకండీ? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో అపార్టుమెంట్లకు, గేటెడ్ కమ్యూనిటీలకు కంపోస్టు యూనిట్లు పెట్టించడం నా పని. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఘన వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చాయని తెలిసినప్పటి నుంచీ అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "సర్, ఏ మిషన్ కొనమంటారు?" చెత్త రోజుకెంత వస్తుందంటే జవాబుండదు. అందులో ఆకులెన్ని, వంటింటి చెత్త ఎంత అంటే అసలే ఉండదు. మిషన్ లేకపోతే జరిమానా అని వాట్సాప్‌లో ఎవరో పెట్టారు, అదీ టెన్షన్.

అపోహ: మిషన్ కొనకపోతే నిబంధన తప్పినట్టే.

వాస్తవం: కాదు. తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే కంపోస్టు చేయాలనో, బయోగ్యాస్‌కు వాడాలనో 2016 నియమాలే చెప్పాయి. తోట చెత్తను విడిగా ఉంచాలన్నదీ అప్పటి మాటే. కంపోస్టు గుంతలో చేస్తారా, జాలీలో చేస్తారా అన్నది మీ ఇష్టం. కొత్త నియమాల్లో 20 వేల చదరపు మీటర్ల ఫ్లోర్ ఏరియా, రోజుకు 40 వేల లీటర్ల నీటి వాడకం, రోజుకు 100 కిలోల చెత్త, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మీరు భారీ చెత్త ఉత్పత్తిదారు. ముందు ఆ లెక్క చూసుకోండి. స్థలం లేక లోపల చేయలేని వాళ్లకు, అంత చెత్త బయట శుద్ధి అయినట్టు సర్టిఫికెట్ తీసుకునే దారి కూడా పెట్టారు.

ఇక అసోసియేషన్ వాళ్లు కొనాలనుకునే "24 గంటల్లో కంపోస్టు" మిషన్ల సంగతి. అవి చెత్తను తరిగి, వేడి చేసి, నీరు లాగేస్తాయి. బయటికొచ్చిన పొడి గోధుమ రంగులో ముచ్చటగా ఉంటుంది. ఆ పొడిని కాస్త తడిపి కవర్లో కట్టి రెండు మూడు రోజులు ఉంచండి. కంపు కొట్టిందంటే అది కంపోస్టు కాదు, ఎండబెట్టిన చెత్త. మొక్కలకు వేస్తే అక్కడ మళ్లీ కుళ్లడం మొదలవుతుంది. ఎండుటాకుల విషయంలో ఇది మరీ విడ్డూరం: అసలే ఎండిన ఆకును కరెంటు ఖర్చు పెట్టి మళ్లీ ఎండబెడతారు! మియాపూర్ వైపు ఒక కమ్యూనిటీలో కార్పస్ ఫండ్‌లోంచి, అంటే అందరి ఉమ్మడి నిధిలోంచి తీసి మరీ ఆ మిషన్ కొన్నారు. నేను వెళ్లేసరికి దానిమీద టార్పాలిన్ కప్పి ఉంది, పక్కన వాచ్‌మన్ సైకిలు. ఆకులు మాత్రం గేటు బయట ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆకులకు కావలసింది గాలి, తడి, కాస్త నత్రజని. నాలుగడుగుల ఎత్తున ఇనుప జాలీ గుండ్రంగా కట్టండి. ఆకులు ఒక వరుస, పైన పేడనీళ్లో పుల్లమజ్జిగో చల్లి మళ్లీ ఒక వరుస. గుప్పెట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. వారానికోసారి తిప్పాలి. తిప్పే మనిషికి జీతం ఇవ్వాలి, అక్కడే అందరూ పిసినారులవుతారు. వంటింటి తడి చెత్తలో వండనివి, అంటే కూరగాయల తొక్కల్లాంటివి కలిపితే ఇంకా త్వరగా అవుతుంది: బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఆకులు. మూడు నెలల దగ్గర దగ్గరలో ఎరువు చేతికొస్తుంది. డబ్బు పెట్టాలనుంటే కొమ్మలు తరిగే ష్రెడర్ మీద పెట్టండి, రెండు మూడు కాలనీలు కలిసి కొనుక్కున్నా చాలు.

అపోహ: ఆకు కుప్ప ఉంటే పాములొస్తాయి.

ఈ భయాన్ని నేను నవ్వి తీసేయను. ఒక పెద్దావిడ "బాబూ, అక్కడ పిల్లలు ఆడుకుంటారు" అని నా చెయ్యి పట్టుకుని అడిగారు. నెలల తరబడి కదపని కుప్పలో ఎలుకలు చేరతాయి, వాటికోసం పామూ వస్తుంది, నిజమే. వారం వారం తిప్పే కుప్ప లోపల వేడిగా ఉంటుంది, అక్కడ ఏదీ కాపురం పెట్టదు. ఎలుకలొచ్చేది అన్నానికి, కూరలకు. వండినవి మూత ఉన్న డబ్బాలో వేరేగా కంపోస్టు చేయండి. జాలీని గోడకు ఆనించకండి.

అపోహ: ఆకులే కదా, డంపింగ్ యార్డులో అవే మట్టి అవుతాయి.

కావు. టన్నుల చెత్త కింద గాలి ఆడదు, అక్కడ పుట్టేది మీథేన్. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచే వాయువు అది. దానికి తోడు కింద కారే మురుగు. నమ్మకపోతే హైదరాబాద్ చెత్త పోసే జవహర్‌నగర్ యార్డు పక్కన దమ్మాయిగూడలో ఒక సాయంత్రం కూర్చుని రండి.

అపోహ: తగలబెడితే పీడా పోతుంది.

బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది. మామూలుగా అయితే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేలు జరిమానా. దొరికాక "స్వీపర్ చేశాడండీ" అనకండి, అగ్గిపెట్టె ఇచ్చిందెవరో అందరికీ తెలుసు.

వేపాకు కుళ్లదంటారు, కుళ్లుతుంది. కొబ్బరి మట్టలు మాత్రం తరగకుండా వేయకండి, ఏడాదైనా అలాగే ఉంటాయి. ఆకు ఎక్కువగా రాలేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాబట్టి జాలీ సంక్రాంతికల్లా కట్టించుకోండి. వానలు మొదలయ్యాక కుప్పమీద పట్టా కప్పండి.