పంజరానికి ఏ మెష్? కొన్ని అపోహలు, అసలు సంగతులు

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. "అన్నా, కాకటైల్ పొద్దుటి నుంచి తిన్నది తిన్నట్టే కక్కేస్తోంది. రెట్ట పచ్చగా, నీళ్లలా పడుతోంది. పంజరం కొత్తదే, మూడు వారాల కింద మా ఆయన ఇంట్లోనే చేశాడు. మెష్‌ను వెనిగర్‌తో శుభ్రంగా కడిగాం కూడా!" ఆ చివరి మాట ఆవిడ ధీమాగానే అన్నది. నాకు మాత్రం అక్కడే విషయం అర్థమైంది.

ముందు పిట్టను ఆ పంజరంలోంచి తీసి ఏ అట్టపెట్టెలోనో పెట్టమ్మా, తెల్లారగానే పిట్టల్ని చూసే డాక్టర్ దగ్గర ఎక్స్‌రే తీయించు అని చెప్పాను. ఈ నెలలో ఇలాంటి ఫోన్ ఇది మూడోది. ముగ్గురిదీ ఒకటే మాట: "కడిగాం కదా."

నేను డాక్టర్‌ని కాను. పంజరాలు, పిట్టలు లోపలే ఎగిరేంత పెద్ద ఏవియరీలు కట్టి ఇవ్వడం నా పని. మెష్ గురించి జనం చెప్పుకునే మాటల్లో చాలావాటి వల్ల పెద్ద నష్టం లేదు. ఈ ఒక్కదాని వల్ల మాత్రం పిట్టలు పోతున్నాయి. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: జీఐ మెష్‌ను వెనిగర్‌తో కడిగేస్తే ఇక భయం లేదు.

కడగాలి, కాదనను. కానీ కడిగితే ఏది పోతుందో, ఏది మిగులుతుందో చూడండి. జీఐ అంటే ఇనుప తీగ మీద జింక్ పూత. వెల్డింగ్ అయ్యాక మెష్‌ను కరిగిన జింక్‌లో ముంచి తీస్తే పూత మందంగా పడుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. అయితే తీగలు కలిసే మూలల్లో జింక్ కారి బొట్లుగా, చిన్న ముళ్లలా గడ్డకడుతుంది. అరంగుళం మెష్‌లో అయితే కొన్ని గళ్లకు అడ్డంగా పల్చటి పొరే నిలిచిపోతుంది. కొత్త షీటు మూలలు వేలి కొసతో తడిమి చూడండి, గరుగ్గా తగులుతాయి. వెనిగర్‌తో బ్రష్షు పెట్టి రుద్దితే పోయేది పైన సుద్దలా పట్టిన తెల్ల తుప్పు, వదులుగా ఉన్న పెచ్చులు. బొట్లు అలాగే ఉంటాయి. పూత అంతా పోయేదాకా కడిగితే మిగిలేది ఉత్త ఇనుము, అది నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. పూత మిగిలిన చోట కొన్నాళ్లకు తేమా రెట్టా తగిలి తెల్లపొడి మళ్లీ పడుతుంది.

చిలక జాతి పిట్టలకు ముక్కే మూడో కాలు. బడ్జీ అయినా, కాకటైల్ అయినా మెష్ మీద పాకాలంటే ముక్కుతోనే పట్టుకుంటుంది. పొద్దుపోకపోతే మూలలు కొరుకుతూ కూర్చుంటుంది. ఊడిన బొట్టు నేరుగా కందనకాయలోకి పోయి ఇసుకరాయిలా అక్కడే ఆగుతుంది. లోపలి ఆమ్లానికి రోజూ కొంచెం కొంచెం కరుగుతూ రక్తంలో కలిసి విషమవుతుంది. అందుకే కొత్త పంజరంలో వేసిన రోజు పిట్ట హుషారుగానే ఉంటుంది. తర్వాత ఎప్పుడో కక్కడం మొదలవుతుంది, బరువు తగ్గుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అప్పటికి పంజరం సంగతి ఎవరికీ గుర్తుండదు. "గాలి సోకింది", "గింజలు మార్చాం, పడలేదు" అంటారు.

"జింక్ మంచిదే కదన్నా, పిల్లలకు మాత్రలు కూడా ఇస్తారు" అని ఒకాయన నాతో వాదానికి దిగాడు. సరే, లెక్క చూద్దాం. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్రలో 20 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల జింక్ బొట్టు, అంటే ఆవగింజంత, దాదాపు 30 మిల్లీగ్రాముల బరువు తూగుతుంది. ఆ మాత్ర వేసుకునే పిల్లవాడు పది కిలోలు ఉంటాడనుకుందాం. బడ్జీ బరువు ఎంత? 35 గ్రాములు. అంటే దాదాపు మూడు వందల వంతుల్లో ఒక వంతు. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా డాబా మీద నాకోసమే ఒక ఏవియరీ కట్టుకున్నాను. తళతళలాడే జీఐ మెష్, నాలుగు జతల ఆఫ్రికన్ లవ్ బర్డ్స్. రెండు నెలల్లో మూడు పిట్టలు పోయాయి. నాలుగోదాన్ని చేతిలో పట్టుకుని పరిగెత్తాను. డాక్టర్ ఎక్స్‌రే చూపించి, కందనకాయ ఉండేచోట మూడు తెల్లటి చుక్కల మీద పెన్ను పెట్టి, "గింజలు ఇంత తెల్లగా పడవు, ఇది లోహం" అన్నాడు. ఇంటికొచ్చి ఏవియరీలో న్యూస్‌పేపర్ పరిచి, స్క్రూడ్రైవర్‌తో మెష్ మూలలన్నీ గీరాను. రాలిన బొట్లతో సీసా మూత నిండింది. నేల మీద గింజల పొట్టు మధ్య ఇంకోటి కనబడింది. మెష్ కత్తిరించినప్పుడు ఎగిరిపడ్డ తీగ ముక్కలు, గోరంత పొడవువి. వాటిని ఊడ్చాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ నాలుగోది బతికింది. లోహాన్ని పట్టుకుని బయటికి పంపే ఇంజెక్షన్లు చేశారు. త్వరగా తీసుకెళ్తే చాలా పిట్టలు కోలుకుంటాయి, కాబట్టి ఇది చదివి ఇప్పుడే పంజరం వైపు చూసి టెన్షన్ పడకండి. పిట్ట తింటూ, ఆడుతూ ఉంటే ముందు మెష్ పని చూడండి.

జీఐ తప్ప స్తోమత లేదంటే, మెష్‌ను ఫ్రేముకు బిగించక ముందే చెయ్యాల్సిన పని ఇది. పిట్టలకు దూరంగా, ఆరుబయట షీటును పరిచి వైర్ బ్రష్షుతో రెండు వైపులా రుద్దండి. ఊడని బొట్లను ఆకురాయితో రాపాడండి. పొరలు కట్టిన గళ్లను పొడిచేయండి. ఆ తర్వాత వెనిగర్, ఆ తర్వాత నీళ్లు. వీలైతే కొన్ని వారాలు ఎండకూ వానకూ వదిలేస్తే మెరుపు చచ్చి బూడిద రంగుకు తిరుగుతుంది, మళ్లీ ఒకసారి రుద్ది కడగండి. పంజరం అయ్యాక నేలంతా అయస్కాంతం తిప్పండి. తీగ ముక్కలు దానికి అంటుకుంటాయి, జింక్ బొట్లు అంటుకోవు, వాటిని ఊడ్చాల్సిందే. ఇంత చేసినా ప్రమాదం తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు. పెద్ద ఏవియరీలో పిట్టకు ఎగరడానికి చోటుంటుంది కనుక ఇది నడుస్తుంది. రెండడుగుల పంజరంలో రోజంతా మెష్ మీదే వేలాడే చిలక జాతికి మాత్రం నేను స్టెయిన్‌లెస్ స్టీల్ తప్ప వెయ్యను. ఫించ్‌ల్లాంటి చిన్న పిట్టలు మెష్ కొరకవు, వాటికి ఇలా సిద్ధం చేసిన జీఐ చాలు.

చింతపండుతో తోమితే? ఇత్తడి బిందె తళతళలాడుతుంది, సరే. అదీ పులుపే, వెనిగర్ చేసినంతే చేస్తుంది.

ఇక పేర్ల గొడవ. మన దగ్గర బడ్జీలను కూడా లవ్ బర్డ్స్ అనే పిలుస్తారు. "లవ్ బర్డ్స్‌కు మెష్ కావాలి" అని ఫోన్‌లో చెప్తే నేను ముందు ఫొటో పంపమంటాను. బడ్జీకి 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. అసలైన ఆఫ్రికన్ లవ్ బర్డ్‌కు, కాకటైల్‌కు 16 గేజ్, అంటే 1.6 వేస్తాను. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఇది తిరగేసి అర్థం చేసుకుని 22 గేజ్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. షాపులో గేజ్ అడక్కండి, ఎన్ని మిల్లీమీటర్లో అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినా, మీ ఊళ్లో హార్డ్‌వేర్ షాపుకు వెళ్లినా తీగ మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకోండి. నేను అలాగే వెళ్తాను, నవ్వేవాళ్లు నవ్వుతారు.

గడి అరంగుళం దాటనివ్వకండి. పెద్ద ఎలుక రాదు. చిట్టెలుక, సన్నటి పాము పిల్ల మాత్రం అరంగుళంలోంచీ దూరతాయి. కింద రెండడుగుల మేర పావంగుళం మెష్ అదనంగా వేస్తే మంచిది. బయటి ఏవియరీకి మూడంగుళాల ఎడంతో రెండు పొరలు వెయ్యండి. పిల్లి బయటి నుంచే పంజా వేసి, మెష్ పట్టుకున్న పిట్ట వేళ్లు లాగేస్తుంది.

మిగతావి గబగబా. తీగలు మెలేసి అల్లిన కోళ్ల మెష్ కోళ్లకే, అదీ పగటిపూట. ఆ మెలికల్లో పిట్టల వేళ్లు ఇరుక్కుంటాయి, కుక్క గట్టిగా లాగితే ఊడొస్తుంది. ప్లాస్టిక్ తొడుగు మెష్ చూడ్డానికి బాగుంటుంది, చిలక జాతి దాన్ని ఒలిచి తింటుంది. రాగి, ఇత్తడి తీగలు వద్దు, ఇత్తడిలోనూ జింకే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 202, 304, 316 అని రకాలుంటాయి. అయస్కాంతం అంటకపోతే 304 స్టీలే అనుకోకండి, 202కి కూడా అంటదు. 202తో పిట్టకు ప్రాణాపాయం లేదు, తుప్పు పడుతుందంతే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో 304 మీదా మరకలు పడతాయి, అక్కడ 316 అడగండి. రంగు వెయ్యాలంటే షెడ్డులో మిగిలిన పాత డబ్బా ముట్టుకోకండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం మీద 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) పరిమితి 2017 నవంబర్‌లోనే అమల్లోకి వచ్చింది, అంతకుముందు డబ్బాలో ఏముందో డబ్బాకే తెలియాలి. మెష్ అంతా మార్చి తలుపుకు చవక తాళం వేస్తారు, అది జింక్ పోతదే కావచ్చు. పిట్ట దాన్ని రోజంతా నాకుతుంది.

రామచిలకకు పంజరం చెయ్యమని మాత్రం అడక్కండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం.

ఆ రాత్రి ఫోన్ చేసినావిడ మర్నాడు మధ్యాహ్నం ఎక్స్‌రే ఫొటో పంపింది. రెండు చుక్కలు. పది రోజుల తర్వాత కాకటైల్ ఈల వేస్తున్న వీడియో వచ్చింది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. స్టీల్ పంజరం ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. "అంతనా అన్నా!" అన్నది. పొడవు, వెడల్పు, ఎత్తు రాసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.