రైట్ సోదరుల విమానం లండన్‌లో ఎందుకు ఉండాల్సి వచ్చింది?

తొలి విమానం ఎవరిదన్న తగువు ఇంకా తెగలేదు. బ్రెజిల్‌లో అడిగితే శాంటోస్ డ్యూమాంట్ అంటారు. అమెరికాలోనే కనెక్టికట్ రాష్ట్రం 2013లో గుస్తావ్ వైట్‌హెడ్‌కు ఆ ఘనత కట్టబెడుతూ చట్టం చేసింది. రైట్ సోదరులను కాదనేవాళ్లు తరచూ చూపించే కాగితం ఒకటుంది: రైట్ల వారసులకూ, వాషింగ్టన్‌లో మ్యూజియాలు నడిపే స్మిత్సోనియన్ పరిశోధన సంస్థకూ మధ్య 1948లో కుదిరిన ఒప్పందం. దాని వెనుక పెద్ద కథే ఉంది.

1903లో అందరి కళ్లూ స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి శామ్యూల్ లాంగ్లీ మీదే. మనిషిని మోసే విమానం కట్టమని అమెరికా యుద్ధ శాఖ ఆయనకు 50,000 డాలర్లు ఇచ్చింది. ఇంజన్ 52 హార్స్‌పవర్‌ది, ఆ రోజుల్లో అద్భుతమనే చెప్పాలి. పోటోమాక్ నదిలో పడవ మీద నుంచి రెండుసార్లు వదిలారు, రెండుసార్లూ విమానం నీళ్లలోనే పడింది. రెండోది డిసెంబరు 8న.

తొమ్మిది రోజులకే నార్త్ కరోలినా ఇసుక దిబ్బల్లో ఆర్విల్ రైట్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 852 అడుగులు వెళ్లాడు. వీళ్ల ఇంజన్ సుమారు 12 హార్స్‌పవర్‌దే. గెలిపించింది ఇంజన్ కాదు, అదుపు. సైకిల్ ట్యూబ్ వచ్చిన ఖాళీ అట్టపెట్టెను విల్బర్ ఒకసారి చేతుల్లో పట్టుకుని మెలితిప్పుతుంటే, రెక్కల్ని కూడా అలాగే తిప్పొచ్చని తట్టిందట. 1903 విమానంలో పైలట్ బోర్లా పడుకుని నడుము పక్కకు జరిపితే తీగలు లాగి రెక్కల చివర్లు మెలిపడేవి.

ఈ పద్ధతికే 1906లో పేటెంటు వచ్చింది, దాంతో కోర్టు కేసులూ మొదలయ్యాయి. విల్బర్ 1912లో టైఫాయిడ్‌తో పోయాడు. 1914 జనవరిలో అప్పీలు కోర్టు పోటీ విమాన తయారీదారు గ్లెన్ కర్టిస్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రైట్ల కన్నా ముందే లాంగ్లీ విమానానికి ఎగిరే సత్తా ఉందని తేలితే రైట్ల పేటెంటు బలం తగ్గి కర్టిస్‌కు లాభం, స్మిత్సోనియన్‌కు పరువు. అదే ఏడాది ఆ పాత విమానాన్ని సంస్థ కర్టిస్ చేతికే ఇచ్చింది! రెక్కల్ని మార్చి, ఊతాలు బిగించి, నీటిమీద తేలే తెప్పలు తగిలించి క్యూకా సరస్సు మీద కాసేపు గాల్లోకి లేపారు. తర్వాత మళ్లీ 1903 నాటి రూపంలోకి తెచ్చి, మనిషిని మోసుకుని ఎగరగల తొలి విమానం ఇదేనంటూ మ్యూజియంలో పెట్టారు. ఎంత మర్యాదగా చెప్పుకున్నా ఇది గోల్‌మాలే.

ఆర్విల్ ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పి, విసిగి, 1928లో తమ విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. 1942లో గానీ స్మిత్సోనియన్ ఆ మార్పుల జాబితా అచ్చువేసి తప్పు ఒప్పుకోలేదు. విమానాన్ని వాషింగ్టన్‌లో ప్రదర్శనకు పెట్టేసరికి 1948 డిసెంబరు. ఆ ఏడాది జనవరిలోనే ఆర్విల్ కన్నుమూశాడు.

వారసులు ఒక డాలరుకు విమానాన్ని ఇస్తూ షరతు పెట్టారు: పైలట్ అదుపులో, సొంత ఇంజన్‌తో మనిషిని మోసుకెళ్లగల విమానం 1903 నాటి రైట్ల విమానం కన్నా ముందే ఉందని సంస్థ ఎక్కడా అనకూడదు. అంటే విమానం వెనక్కి ఇచ్చేయాలి. వైట్‌హెడ్ పక్షం వాళ్లు దీన్నే కుట్రకు రుజువంటారు. లాంగ్లీ ముచ్చట తెలిసినవాళ్లకు మాత్రం అది ఏ వైట్‌హెడ్ గురించీ రాసింది కాదని ఇట్టే అర్థమవుతుంది.