సూర్యలంకలో సూర్యాస్తమయం ఎక్కడ? మన బీచ్ మీద అపోహలు, వాస్తవాలు

గుంటూరులో టెంపో ట్రావెలర్లు నడపడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. తిరుపతి, శ్రీశైలం తర్వాత నా బళ్లు ఎక్కువగా తిరిగింది బాపట్ల రోడ్డు మీదే. చేబ్రోలు, పొన్నూరు మీదుగా సూర్యలంక దాకా సుమారు అరవై కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల వేరే జిల్లా అయిపోయినా మా గుంటూరు వాళ్లకు అది ఇంకా "మన బీచే". అందుకేనేమో దాని గురించి అందరికీ అన్నీ తెలుసు. ఆఫీసులో కూర్చుని రోజూ వినే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: సాయంత్రం దాకా ఉంటే సూర్యుడు సముద్రంలో దిగడం చూడొచ్చు.

నవ్వకండి, నెలకు ఒకరైనా అడుగుతారు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి, సాయంత్రానికి మన వెనక సరుగుడు తోటల్లోకి దిగిపోతాడు. గోవా వీడియోలు చూసి వచ్చినవాళ్లకు ఈ సంగతి అక్కడికెళ్లాక గానీ వెలగదు.

ఊరి బాగోగులు కూడా ఇక్కడే ముడిపడి ఉన్నాయి. సూర్యలంక అందమంతా తెల్లవారుజామునే. ఐదున్నరకు ఇసుక చల్లగా తడితడిగా ఉంటుంది, పీతలు అడుగుల చప్పుడుకి బొరియల్లోకి దూరుతుంటాయి, నీళ్ల మీద ఎర్రటి దారి పడుతుంది. మన బండేమో ఎనిమిదికి అనుకుంటే తొమ్మిదికి కదులుతుంది (ప్రతి బ్యాచ్‌లోనూ ఒక బావగారి కోసం ఆగాల్సిందే). టిఫిన్లు చేసుకుని బీచ్‌లో దిగేసరికి పదకొండు. అప్పటికి ఇసుక పెనంలా కాలుతుంటుంది. అసలు సముద్రాన్ని చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. ఉండేవాళ్లు తక్కువ.

అపోహ: ఆదివారం ఆ జనాన్ని చూడండి, ఊరికి డబ్బే డబ్బు!

పోయిన కార్తీకంలో ఒక కాలనీ వాళ్లని తీసుకెళ్లాను, ఇరవై రెండు మంది. పులిహోర, పెరుగన్నం, వంకాయ కూర, విస్తళ్లు, ఆఖరికి నీళ్ల టిన్నులు కూడా గుంటూరు నుంచే. డీజిల్ గుంటూరులోనే కొట్టించాం. అక్కడ ఖర్చు పెట్టింది పార్కింగ్‌కి, మొక్కజొన్న పొత్తులకి, నాలుగు కొబ్బరి బోండాలకి, ఒక పిల్లాడికి గుర్రం మీద ఒక చుట్టుకి. వదిలి వచ్చింది మాత్రం రెండు గోనెసంచుల ఎంగిలి విస్తళ్లు. ఇలాంటి బళ్లు వంద వస్తే ఊరికి మిగిలేది చెత్తే.

శనివారం రూము రేటు చూసి తిట్టుకునేవాళ్లకు ఒక మాట. వారానికి రాత్రులు ఏడు, గదులు నిండేది ఒకటో రెండో. మిగతా రోజుల్లో కూడా వంటవాడికి, వాచ్‌మన్‌కి జీతం ఇవ్వాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టే ఏసీలు బాగు చేయించాలి. ఆ ఖాళీ రాత్రుల ఖర్చంతా శనివారం వచ్చినవాళ్ల బిల్లులోకే ఎక్కుతుంది. పైగా ఇక్కడి సీజను కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, తుపాన్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం నా ఫోనుకి వచ్చినవన్నీ క్యాన్సిల్ కాల్సే.

అపోహ: ఇక్కడ లోతు లేదు, మోకాళ్ల దాకా వెళ్తే ఏం కాదు.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒడ్డు దగ్గర లోతు లేని మాట నిజమే. ప్రాణాలు తీసేది లోతు ఒక్కటే కాదు. అలలు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. నీళ్ల అడుగున ఇసుక తిన్నెలు అడ్డుంటాయి. వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆ నీరు ఒక్క ఉదుటున లోపలికి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. పైనుంచి చూస్తే ఆ సందులో అలలు సరిగా విరగవు, నీళ్లు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తాయి. పక్కనంతా నురగలు కక్కుతుంటే భయపడి, మనవాళ్లు పిల్లల్ని సరిగ్గా ఆ నెమ్మదైన చోటే దించుతారు.

ఒకసారి ఒకాయన ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని అలాంటి చోటే నిలబడ్డాడు. ఒడ్డున వాళ్ల మూడు జతల చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. మా డ్రైవరు చాయ్ తాగుతూ చూస్తే, మనుషులు ఆ చెప్పుల ఎదురుగా లేరు, బాగా పక్కకు, లోపలికి జరిగిపోయి ఉన్నారు. ఆయనకు ఆ సంగతే తెలీదు, పిల్లలతో నవ్వుతూ ఉన్నాడు. మావాడు గ్లాసు పారేసి అరిచిన అరుపుకి గజ ఈతగాళ్లు పరుగెత్తుకొచ్చి ముగ్గుర్నీ బయటికి తెచ్చారు.

రిప్ కరెంట్ మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. గట్టిగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోకుండా, ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం పక్కకు ఈది, ఆ తర్వాత అలలతో పాటు వెనక్కి రావాలి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. చూసినవాళ్లు ఒట్టి చేతులతో దూకొద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ల టిన్ను విసిరినా పట్టుకుని తేలతారు. నా ప్రతి బండిలో ఒక లారీ ట్యూబు, తాడు ఉంటాయి. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది, కార్తీక పౌర్ణమికి జనమూ పెద్దదే. ఆ రోజు ఎర్రజెండాలు దాటి వెళ్తే నేను మాత్రం మొహమాటపడకుండా తిడతాను.

అపోహ: జెట్ స్కీలు, గాజు వంతెనలు వస్తే గానీ టూరిస్టులు రారు.

ఒక కుటుంబం బీచ్‌లో ఎన్ని గంటలుండాలో ఖాయం చేసేది ఆడవాళ్లు. తడిసిన బట్టలతో వచ్చి మొదట అడిగేది "బాబూ, బట్టలు మార్చుకునే గది ఎక్కడ?" అనే. ఎన్నిసార్లు చూశానో, బండి వెనక ఇద్దరు వదినలు చీర అడ్డం పట్టుకుంటే మూడో ఆవిడ మార్చుకోవడం. శుభ్రమైన బాత్రూము, మంచినీళ్ల షవరు, తలుపుకి గడియ ఉన్న గది ఉన్నచోట నా బ్యాచ్ రెండు గంటలు ఎక్కువ ఆగుతుంది. స్వదేశ్ దర్శన్ 2.0 అనే టూరిజం పథకం కింద సూర్యలంకకు కేంద్రం 97 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. ఆ డబ్బులో మొదటి రూపాయి ఇలాంటి వాటికే పోవాలని నా కోరిక. విశాఖ రుషికొండ బీచ్‌కి 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు కూడా అందానికిచ్చే బహుమతి కాదు. నీటి నాణ్యత, టాయిలెట్లు, లైఫ్‌గార్డులు, ఇలా 33 ప్రమాణాలు చూసి ఇస్తారు, ఏటేటా మళ్లీ చూస్తారు.

ఇంకోటి, బీచ్ అంతా ఫ్లడ్‌లైట్లు పెట్టించాలనేవాళ్లు కూడా ఉన్నారు. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు నడుస్తాయి. మన లైట్లు వేస్తే ఊరి వైపు నడిచి చస్తాయి.

అపోహ: సముద్రానికి ఎదురుగా స్థలం కొంటే రిసార్టు కట్టేయొచ్చు.

ప్లాట్లు చూడ్డానికి నా కారు మాట్లాడుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దారిలో ఒక్కరూ సీఆర్‌జడ్ (తీరం పక్కన కట్టడాల మీద కేంద్రం పెట్టిన నియమాలు) మాటెత్తరు. 2019 నోటిఫికేషన్ ప్రకారం, గ్రామీణ తీరంలో హైటైడ్ లైన్ నుంచి, అంటే పెద్ద పోటుకి నీళ్లు చేరే గీత నుంచి, 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు వీల్లేని ప్రాంతం. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించిన చోట్ల అది 50 మీటర్లు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ మ్యాపు చూడండి.

అపోహ: అప్పుడే పట్టిన చేప అక్కడ ఎప్పుడైనా దొరుకుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. మేలో మీ ప్లేటులో చేప ఐసు పెట్టెలోదో చెరువుదో అయ్యుండొచ్చు. రుచిగానే ఉంటుంది లెండి.

అపోహ: బీచ్ తప్ప ఇంకేముంది చూడ్డానికి?

బాపట్లకు ఆ పేరు రావడానికి కారణమైన భావనారాయణస్వామి గుడి ఉంది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, గాంధీగారి చేతికర్ర అందులోనే భద్రంగా ఉంది. చీరాల చేనేత సరేసరి. ఇంకా కిందికెళ్తే చినగంజాం మండలంలో మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో అది పెద్ద రేవు. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారట. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని గణపతిదేవుడు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఓడల వాళ్లకు ఇచ్చిన ఆ భరోసా, ఇప్పుడు ఆ రాయి దగ్గర నిలబడి చెబుతుంటే ఫోన్లలో మునిగిన కుర్రాళ్లు కూడా తలెత్తుతారు.

అందుకే నా ప్లాన్ ఇలా ఉంటుంది: శనివారం మధ్యాహ్నం గుంటూరులో బయల్దేరి చీకటి పడేలోగా బాపట్ల గుడి, రాత్రి సూర్యలంకలో, ఆదివారం ఐదుంబావుకి ఇసుక మీద, టిఫిన్ బాపట్లలో, తర్వాత చీరాల, మోటుపల్లి, తిరుగు దారిలో వేటపాలెం జీడిపప్పు. ఈ ప్లాన్‌కి పది మందిలో ఇద్దరు సరేనంటారు. మిగతా ఎనిమిది మంది "రాత్రి ఉండటం ఎందుకండీ దండగ, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం" అని ఎనిమిది గంటల బండి రాయించుకుంటారు. అది తొమ్మిదికి కదులుతుంది.