20 వేలు పెట్టి కొన్నా టీకాలు వేయాల్సిందే: పిల్లుల విషయంలో అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం క్లినిక్ తలుపు తీయకముందే ఒక కుటుంబం వచ్చి మెట్ల మీద కూర్చుంది. బళ్ళారి చౌరస్తా అవతల ఉంటారట. అమ్మాయి ఒడిలో టవల్, టవల్‌లో తెల్లటి పర్షియన్ పిల్లి కూన. హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చి నాలుగు రోజులైంది, రాత్రి నుంచి వాంతులు. "20 వేలు పెట్టి తెచ్చినాం మేడం, మంచి బ్రీడ్ అని చెప్పినారు, దీనికి యాడ నుంచి వచ్చింది రోగం?" అన్నాడు వాళ్ల నాన్న. కర్నూల్లో పశువైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

జాతి పిల్లిని కొనాలా, వీధిలో దొరికిన కూనను పెంచుకోవాలా అని నన్ను అడిగేవాళ్లలో చాలామందికి లోపల ఒక నమ్మకం ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నది ఆరోగ్యంగా ఉంటుంది, వీధిది రోగాల పుట్ట అని. మిగతా అపోహల వల్ల పోయేది కొంచెమే, ఈ ఒక్కదాని వల్ల మాత్రం పిల్లుల ప్రాణాలే పోతున్నాయి.

ఆ కూనకు వచ్చింది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు. కుక్కల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌కి దగ్గరి చుట్టం, మనుషులకు అంటదు. పేగులనూ ఎముక మజ్జనూ పట్టుకుంటుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, కూన నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంటుంది కానీ తాగదు. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇస్తూ దాని ఒంట్లో శక్తి తిరిగి వచ్చేదాకా నిలబెట్టడమే మేం చేయగలిగేది. మూడు రోజులు ప్రయత్నించాం, దక్కలేదు. ఆ అమ్మాయి "నేను ఏసీలో పడుకోబెట్టినందుకా?" అని అడుగుతూనే ఉంది. కాదమ్మా. ఈ వైరస్ ఒంట్లోకి చేరాక బయటపడటానికి సాధారణంగా 2 నుంచి 10 రోజులు పడుతుంది. మీ ఇంటికి వచ్చిన నాలుగో రోజే వాంతులు మొదలయ్యాయంటే అది చాలావరకు అమ్మినచోటే అంటుకుని ఉంటుంది. ఏసీ, మీరు పెట్టిన తిండి, మీ దిష్టి ఏవీ దీనికి కారణం కాదు.

వాళ్లు తెచ్చిన కార్డులో "అన్ని టీకాలు పూర్తి" అని రాసి ఉంది. పళ్లు చూస్తే కూనకు ఏడు వారాలు కూడా నిండినట్టు లేదు. ఆ వయసుకు అన్నీ పూర్తి కావడం కుదరదు. తల్లి జున్నుపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ట్రైక్యాట్ టీకా (పాన్‌ల్యూకోపీనియా నుంచి కాపాడేది ఇదే) 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా వేస్తాం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే. కాబట్టి 45 రోజుల కూన కార్డులో రేబిస్ కూడా అయిపోయినట్టు ఉంటే ఆ కార్డును నమ్మకండి. సీసా మీద నుంచి తీసి అంటించిన స్టిక్కర్, తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉన్నాయా చూడండి. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కూనను షాపులో అమ్మకూడదు. "చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది" అని ఎవరైనా తొందరపెడితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకో కష్టం ఈ కుటుంబాలకు ఎవరూ చెప్పరు. రెండేళ్ల కిందట నంద్యాల రోడ్డు వైపు ఒకరింట్లో ఇలాగే కూన పోయింది. పిల్లలు అన్నం తినడం లేదని పది రోజుల్లో రెండో కూనను తెచ్చారు, నన్ను అడగలేదు. అది వారం తిరగకుండానే పోయింది. ఈ వైరస్ ఇంట్లో, సోఫా సందుల్లో, లిట్టర్ ట్రేలో (పిల్లి మలమూత్రాలకు పెట్టే పెట్టెలో) ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్‌తో కడిగినా చావదు, పైగా పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఫినాయిలే దానికి విషం. బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 32 వంతులు కలిపి, ముందు నేల శుభ్రంగా తుడిచి, ఆ ద్రావణం పది నిమిషాలు ఆరకుండా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. పాత ట్రే, పరుపు పారేయాలి. ఆ ఇంటికి మళ్లీ పిల్లి కావాలంటే టీకాలన్నీ పూర్తయిన పెద్ద పిల్లినే తెచ్చుకోమంటాను. వాళ్లకు అలాగే హోటల్ వెనక దొరికిన ఏడాది వయసు బూడిదరంగు పిల్లిని, పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, టీకాలూ చేశాక ఇచ్చాను. ఇప్పటికీ బాగుంది.

అలాగని వీధి కూన పుట్టుకతోనే గట్టిదని కాదు. దానికీ ఇదే వైరస్, పైగా నట్టలు, బొచ్చులో పాకే ఫ్లీస్ పురుగులు, చెవి గజ్జి. తెచ్చిన రోజే చూపించండి, ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండు వారాలు వేరే గదిలో పెట్టండి. షెల్టర్ (దిక్కులేని జంతువుల ఆశ్రయం) పిల్లితో సౌకర్యం ఏమిటంటే అది సాధారణంగా పెద్దదై ఉంటుంది, దాని గుణం ముందే తెలుస్తుంది. పెద్ద పిల్లి మాలిమి కాదనేది వట్టి మాట. రెండు మూడు వారాలు మంచం కింద దాక్కుంటుంది, తర్వాత అదే వచ్చి మీ కాళ్ల దగ్గర పడుకుంటుంది.

పర్షియనే కావాలనుకుంటే తెచ్చుకోండి, నేను వద్దనను. కానీ "ట్రిపుల్ కోట్" (మూడు పొరల బొచ్చు) అనేది అమ్మేవాళ్ల మాట, అలాంటి రకం లేదు. "పంచ్ ఫేస్" అంటే ముక్కు లోపలికి పోయిన ముఖం. కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి, మన ఏప్రిల్, మే ఎండల్లో ఊపిరాడక అవస్థ పడుతుంది. పిల్లి నోరు తెరిచి ఎగశ్వాస పడుతుంటే సాయంత్రం దాకా ఆగకండి. బొచ్చు రోజూ దువ్వకపోతే జడలు కడుతుంది, తామర కూడా వీటిలో ఎక్కువ. ఇంకా పీకేడీ అని వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా కూనల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉంది. అందుకే తల్లీ తండ్రీ జన్యు పరీక్ష రిపోర్టు అడగండి. స్కాటిష్ ఫోల్డ్ అనే జాతి పిల్లి చెవులు ముడుచుకునేది మృదులాస్థి లోపం వల్ల, అదే లోపం కీళ్లలోనూ ఉంటుంది. ఆ పిల్లిని కొనవద్దనే చెప్తాను.

ఆస్తమా భయంతో పొట్టి బొచ్చు పిల్లి కావాలంటారు కొందరు. అలర్జీ తెచ్చేది బొచ్చు కాదు, పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రోటీన్. బొచ్చు ఎంత పొట్టిదైనా అది ఉంటుంది. గర్భం వచ్చిందని పిల్లిని తుంగభద్ర ఒడ్డున వదిలేసి వచ్చినవాళ్లూ నాకు తెలుసు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఆ భయం పెట్టినవాళ్ల మీదే కోపం. వాళ్లు భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి, అది కడుపులో బిడ్డకు హాని చేస్తుందని. కానీ అది పిల్లి మలంలో పడిన వెంటనే అంటదు, కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్ ట్రేను రోజూ ఇంట్లో ఇంకొకరు శుభ్రం చేస్తే, మాంసం బాగా ఉడికిస్తే, ఆకుకూరలు కడిగి వండుకుంటే చాలు, పిల్లిని ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

పాలు, పెరుగన్నం సంగతి. మా అమ్మ మా నాటు పిల్లికి పెరుగన్నమే పెట్టేది. అది బాగా బతికిందంటే గోడ దూకి ఎలుకలూ బల్లులూ పట్టుకుని తిన్నందుకే. ఫ్లాట్‌లో మూసి పెంచే పిల్లికి ఆ దారి లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే కళ్లు పోతాయి, గుండె పాడవుతుంది. ఇంట్లో మాంసం వండనివాళ్లు పిల్లి కోసమే తయారైన ఫుడ్ కొనండి.

ఇంకొక్కటి. పిల్లికి జ్వరం ఉందని పారాసెటమాల్ వేయకండి, చిన్న ముక్క కూడా. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క 500 మాత్రతో చనిపోవచ్చు. ఒకవేళ ఇప్పటికే వేసి ఉంటే, చిగుళ్లు గోధుమరంగుకు మారేదాకా చూడకుండా వెంటనే దగ్గర్లో ఉన్న పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లి, ఎంత వేశారో, ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి.