పలాస జీడి పరిశ్రమ: డ్రమ్ము కాల్పు నుంచి కలర్ సార్టర్ దాకా

పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో పశ్చిమ తీరానికి తెచ్చిన జీడిమామిడి, కాలక్రమంలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇసుక నేలల్లోనూ కుదురుకుంది. ఆ తోటల పిక్కను పప్పుగా మార్చే పనే పలాస–కాశీబుగ్గ జంట పట్టణాలకు ప్రధాన వ్యాపారమైంది. యంత్రాలు పెట్టాలా వద్దా అని అక్కడి చిన్న యజమానులు ఇప్పుడు పడుతున్న తర్జనభర్జన వెనుక రెండు భిన్నమైన మార్పుల చరిత్ర ఉంది.

పిక్క పెంకులో ఉండే ‘జీడి’ అనే ఘాటైన నూనె చర్మాన్ని కాలుస్తుంది. పూర్వం పిక్కలను డ్రమ్ముల్లో కాల్చి ఆ జీడిని వదిలించేవారు. పెళుసెక్కిన పెంకును ఆడవాళ్లు చేతులకు బూడిదో నూనో రాసుకుని, పప్పు విరగకుండా ఒక్కొక్కటిగా కొట్టేవారు. తర్వాత బాయిలర్ వచ్చింది. ఆవిరికి మెత్తబడిన పెంకును చేత్తో, కాలితో నడిపే కట్టర్‌పై కోయడం మొదలయ్యాక పొగ తగ్గింది. పనిముట్టు మారినా పనిచేసే చేతులు మారలేదు కాబట్టి, ఆ మార్పుకు పెద్దగా ఎదురులేకపోయింది.

రెండో మార్పు బయటి నుంచి వచ్చింది. ఆటోమేటిక్ కోత యంత్రాలను విరివిగా వాడిన వియత్నాం, 2000 దశకం మధ్యలో పప్పు ఎగుమతుల్లో భారత్‌ను దాటిపోయింది. ఆఫ్రికా పిక్క కోసం రెండు దేశాలూ పోటీపడతాయి. తక్కువ ఖర్చుతో పప్పు తీయగలిగినవాడు పిక్కకు ఎక్కువ ధర ఇవ్వగలడు. అందువల్ల దేశంలోనే అమ్ముకునే పలాస వ్యాపారికి కూడా వియత్నాం పోటీ తప్పదు. పైగా 2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను జీడితోటలను కూల్చివేసింది. కొత్త మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది.

అయితే యంత్రం కొన్నంత మాత్రాన పని కాదు. కోత యంత్రానికి పిక్కలను ముందే సైజుల వారీగా వేరుచేసి అందించాలి. గాలి ఒత్తిడితో పొట్టు తీసే యంత్రానికి, పప్పు బోర్మాలో (వేడిగాలితో ఆరబెట్టే గదిలో) సమానంగా ఆరి ఉండాలి. లేకపోతే పొట్టు అంటుకునే ఉంటుంది, గుండు (విరగని పూర్తి పప్పు) కాస్తా బద్దలవుతుంది. పౌనుకు 180 పప్పుల లోపే తూగే పెద్ద గుండుకూ, బద్దకూ, నూకకూ ఉన్న ధరల తేడా తెలిసినవారికి ఆ నష్టమెంతో విడిగా చెప్పనక్కరలేదు.

కిలోల లెక్కన కూలి తీసుకుని పొట్టు తీసే మహిళలు యంత్రం వద్దంటే అర్థముంది, ముందు పోయేది వారి పనే. యజమాని అదే మాట అంటే మాత్రం, అది పెట్టుబడి లేక అంటున్న మాటేమో చూడాలి. పప్పును రంగును బట్టి వేరుచేసే కలర్ సార్టర్ యంత్రాన్ని కొనలేని యూనిట్ రంగుల వారీ ఏరివేతను బయట కూలికి చేయించుకోవచ్చు. పప్పును ఆరబెట్టే పనిని మాత్రం తన షెడ్డులోనే సరిచేసుకోవాలి. కనుక చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ముందుగా బోర్మాకు పెట్టడమే మేలు.